ప్రతివాది అందించిన మాట

వకీలు లేకుండా కోర్టుకి వెళ్తానని చెప్పగానే మా అక్క నాతో మాట్లాడటం మానేసింది. అలా ఉండటం నాకన్నా ఆమెకే కష్టమైపోయి, మళ్ళీ తనే మొదలుపెట్టి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"నలుగురిలో నోరు విప్పి మంచినీళ్ళు అడగడం రాదు నీకు. జడ్జి ముందు నిలబడి వాదిస్తావుటే?"

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ గొంతు మాత్రం పెదాలు దాటి రాదు. అది నా ఉద్యోగం తెచ్చిపెట్టిన జబ్బు. నేను నాటకాల కంపెనీలో ప్రాంప్టర్‌ని. స్టేజీకి ఓ పక్కన, తెర చాటున, పొట్టి స్టూలు మీద నాటకం పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. నటుడు మాట మర్చిపోతే మొదటి రెండు ముక్కలు అందిస్తాను. అవి అతనికి వినిపించాలి, మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకి వినిపించకూడదు. ఏళ్ళ తరబడి గుసగుసలాడి గుసగుసలాడి ఎలా తయారయ్యానంటే, నేను పలకరిస్తే మా ఇంటి ఓనరు కూడా రహస్యమేదో చెబుతున్నాననుకుని అటూ ఇటూ చూస్తాడు.

కేసు వేసింది మా పిల్ల తండ్రి. మా విడాకులు ఎప్పుడో అయిపోయాయి. అప్పట్లో పెద్ద రాద్ధాంతం కూడా జరగలేదు. ఒకప్పుడు కంపెనీలో ఆయనే హీరో. ఎక్కడ అద్దం కనబడినా ఆగి చూసుకోకుండా ముందుకి కదలడు గనక అందరూ నిలువుటద్దం అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు స్టేజీ మానేసి ఫ్యాన్లూ వాషింగ్ మెషీన్లూ అమ్మే షాపులో పనిచేస్తున్నాడు. వాషింగ్ మెషీన్ గొప్పతనం ఆయన వర్ణిస్తుంటే కొనడానికి వచ్చినవాళ్ళకి గొంతు పూడుకుపోతుందని చెప్పుకుంటారు.

మా పిల్లకి తొమ్మిదేళ్ళు. దాన్ని కంపెనీలో అందరూ గడుగ్గాయి అంటారు, నేనూ అదే అంటాను. ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంటూ, సెలవులకి మాత్రం తండ్రి దగ్గరకి వెళ్ళొస్తోంది. ఇకమీదట అది తిరగబడాలని ఆయన కోరిక. ఉండటం ఆయన దగ్గర, సెలవులకి రావడం నా దగ్గరకి. పిటిషన్ చదివాక గడుగ్గాయి లేని ఇంటికి తాళం తీసుకుని లోపలికి వెళ్ళడం ఎలా ఉంటుందో ఊహించుకోబోయి, సగంలోనే ఆపేశాను.

అక్క బలవంతం మీద ఒక వకీలు దగ్గరకి వెళ్ళిన మాట నిజమే. ఆయన నన్ను పూర్తిగా కూర్చోనివ్వకుండానే కలం తీశాడు.

"మీ ఆయన తాగుతాడని రాద్దాం."

"తాగడండీ."

"పోనీ, కొడతాడని రాద్దాం."

"దోమని కొట్టాలన్నా నన్నే పిలిచేవాడండీ."

"మరి ఏం చేస్తాడమ్మా?"

"డైలాగులు మర్చిపోతాడండీ."

వకీలు కలం మూత పెట్టేశాడు. ఆయన మంచి వకీలే కావచ్చు. కానీ గడుగ్గాయి తండ్రి గురించి లేనిపోనివి రాయించి, అవి రేపు అది పెద్దయ్యాక చదువుకునేలా చేయడం నాకు సుతరామూ ఇష్టం లేదు. ఉన్నదేదో నేనే చెప్పుకుంటానని లేచి వచ్చేశాను. ఈ సంగతి నిలువుటద్దానికి ఎవరో చేరవేశారు. ఆయన వెంటనే తన వకీలుని మాన్పించాడట. "ఆవిడే సొంతంగా మాట్లాడుతుంటే, స్టేజీ మీద పుట్టి పెరిగినవాణ్ణి, నా మాటలు చెప్పడానికి నేను మనిషిని పెట్టుకోవాలా?" అన్నాడట. అన్నాడట ఏమిటి, అనే ఉంటాడు.

కోర్టులో సొంతంగా వాదించుకునేవాళ్ళ కోసం కింది అంతస్తులో ఒక కిటికీ ఉంది. అక్కడ కూర్చునే గుమాస్తా, ముక్కు కొసన కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దావిడ, చాలా ఓపికగా చెప్పింది. "జడ్జిగారితోనే మాట్లాడాలమ్మా. అవతలి మనిషితో నేరుగా మాట్లాడకూడదు. ఆయన చెబుతున్నప్పుడు మధ్యలో నోరు మెదపకూడదు. ఇవి గుర్తుంచుకుంటే చాలు, మిగతాది జడ్జిగారే చూసుకుంటారు." ఇంత తేలికా అనుకున్నాను. నోరు మెదపకపోవడంలో నన్ను మించినవాళ్ళు ఎవరున్నారు!

ఇంట్లో రిహార్సల్ వేశాం. అక్క జడ్జి. కుర్చీ మీద దిండు వేసుకుని, ఎత్తుగా కూర్చుని, మొహం గంటు పెట్టుకుంది. నేను మొదలుపెట్టాను. కాసేపు విని, "కొంచెం గట్టిగా చెప్పవే" అంది. ఇంకా గట్టిగా చెప్పాను. "ఏమిటీ?" అంది. పక్కగదిలోంచి గడుగ్గాయి అరిచింది. "పెద్దమ్మా, నీకే వినబడటం లేదు. నాకు మాత్రం అంతా వినబడుతోంది." దాంతో రిహార్సల్ ఆపేశాం.

విచారణ గది నేను అనుకున్నంత పెద్దదేమీ కాదు. ఎత్తుగా జడ్జిగారి బల్ల. దాని ముందు రెండు చిన్న బల్లలు, ఒక్కోదాని మీద ఒక్కో మైకు. వెనక నాలుగు బెంచీలు. గోడ గడియారం కింద పెయింటు పెచ్చులూడిపోయి ఉంది. మా అక్క మొదటి బెంచీలో బాసింపట్టు వేసుక్కూర్చుంది. జడ్జిగారు నెరిసిన జుట్టావిడ. ఆ రోజు ఆవిడకి గొంతు పట్టేసింది. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసుకుని కొద్దికొద్దిగా తాగుతూ, బొంగురుగా, "మొదలుపెట్టండి" అంది.

నిలువుటద్దం లేచాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన క్రాపు. రెండడుగులు ముందుకి వేసి, జడ్జిగారికి వీపు పెట్టి, బెంచీల వైపు తిరిగి, చెయ్యి చాచాడు.

"ఒక తండ్రి గుండె..."

"ఇటు తిరగండి" అంది జడ్జిగారు.

ఇటు తిరిగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. నేను కాదనలేను, బాగానే చెప్పాడు. బల్ల మీద గ్లాసులో నీళ్ళు కదిలేంత గొంతు ఆయనది. తనకి ఇప్పుడు పగటి ఉద్యోగమని, షాపు సాయంత్రమే మూసేస్తారని, పిల్లకి వేరే మంచం కొన్నానని చెప్పాడు. ఆ తర్వాత అసలు విషయంలోకి వచ్చాడు.

"నా కూతురు రాత్రిళ్ళు ఎక్కడ నిద్రపోతోందో మీకు తెలుసా అమ్మా? నా కూతురు..."

అని ఆగాడు.

నటులు రెండు రకాలుగా ఆగుతారు. ఒకటి కావాలని ఆగటం. అప్పుడు నోరెత్తితే వాళ్ళు మన పీక పట్టుకుంటారు. రెండోది మర్చిపోయి ఆగటం. ఈ రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. నిలువుటద్దం విషయంలో మాత్రం నాకు గుర్తు తెలుసు. మర్చిపోతే ఆయన బొటనవేలు చూపుడువేలుని రుద్దుతుంది. ఇప్పుడు రుద్దుతోంది. ఆ వేలు చూశాక నాకు కోర్టు లేదు, జడ్జి లేదు, కిటికీలో పెద్దావిడ చెప్పిన మాట లేదు. తల కాస్త వంచి, పెదాలు కదిలీ కదలకుండా, పిటిషన్‌లో చదివిన మాట అందించేశాను.

"తెర వెనక, ట్రంకుపెట్టె మీద..."

నా ముందున్న మైకు పనిచేస్తోందని నాకు తెలీదు. నా గుసగుస గది నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ నా గొంతు అంత పెద్దగా నేను వినలేదు.

ఆయన మాత్రం ఏమీ గమనించలేదు. ఎన్నో ఏళ్ళుగా అందుకున్నట్టే హాయిగా అందుకున్నాడు. "అవునమ్మా! తెర వెనక, ట్రంకుపెట్టె మీద! వేషాల బట్టలు పెట్టుకునే పెట్టె మీద నా బిడ్డ..." అని ఊపుగా వెళ్ళిపోయి, అక్కడ మళ్ళీ ఆగాడు. వేలు రుద్దుకుంటోంది. మొదటిసారి చేసిన ఘనకార్యం నాకు ఇంకా తలకెక్కలేదు గనక, ఇదీ అందించాను.

"నాటకం అయ్యేదాకా..."

"నాటకం అయ్యేదాకా అలా పడుకునే ఉంటుంది!"

వెనక బెంచీలోంచి టప్పుమని చప్పుడు వినిపించింది. మా అక్క నుదురు కొట్టుకుంది.

జడ్జిగారు వేడినీళ్ళ కప్పు కింద పెట్టింది. "ఎవరది, చెబుతున్నది?"

నేను లేచి నిలబడ్డాను. "నేనేనండీ."

"మీరు ప్రతివాది కదూ?"

"అవునండీ."

"మీకు వ్యతిరేకంగా ఆయన చేసే వాదన మీరు అందిస్తున్నారా?"

"ఆయన ఆగిపోయారండీ."

"ఆగిపోతే?"

"ఆగిపోతే అందించాలి కదండీ."

బెంచీల మీద ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు గానీ, గొంతు సవరించుకునే నెపంతో మొహం పక్కకి తిప్పుకుంది. మా ఇద్దరి పనులేమిటో, ఒకప్పుడు ఏమి చేసేవాళ్ళమో అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత, "ఆయన చెప్పింది నిజమేనా?" అని నన్నడిగింది.

"నిజమేనండీ. కింద బొంత వేస్తాను, పైన దుప్పటి కప్పుతాను. కానీ పెట్టె మీదే."

"సరే. ఆయన మాటలు ఆయనకన్నా మీకే బాగా వచ్చినట్టున్నాయి. మిగతాది కూడా మీరే చెప్పండి. ఆయన తరఫున."

ఇది విచిత్రంగా ఉందని నాకూ తెలుసు. కానీ వేరేవాళ్ళ మాటలంటే నాకు భయం లేదు. నా గొంతు నాకే ఆశ్చర్యం వేసేంత తిన్నగా వచ్చింది. పొద్దున పిల్లని లేపాలంటే తలప్రాణం తోకకొస్తుందని చెప్పాను. బడికి నడిచేటప్పుడు సగం నిద్రలోనే నడుస్తుందని, ఒక్క మాటా మాట్లాడదని చెప్పాను. క్లాసులో బల్ల మీద తల వాల్చేస్తోందని టీచరమ్మ పిలిచి చెప్పింది. పిల్లకి వేళకి నిద్ర కావాలి, ఆ నిద్రకి ఒక మంచం కావాలి, ఆ రెండూ తండ్రి ఇంట్లో ఉన్నాయి. అదీ ఆయన వాదన. చెప్పి కూర్చున్నాక, చెప్పింది మరీ బాగా చెప్పానేమోనన్న అనుమానం తగిలింది. నిలువుటద్దం మాత్రం తన్మయంగా తల ఊపుతూ, "అద్గదీ!" అన్నాడు.

"మీరు కూర్చోకండి" అంది జడ్జిగారు ఆయనతో. "ఇప్పుడు ఆవిడ తరఫున మీరు చెప్పాలి."

ఆయన మొహంలో రంగు పోయింది. "ఆవిడ పార్టు నా దగ్గర లేదమ్మా."

"గుర్తున్నంత చెప్పండి. మీరమ్మా, ఏమీ అందించకూడదు." అంటూనే నా బల్ల మీద మైకు ఆపేయించింది.

నటుల పద్ధతి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కంపెనీలో నటుడికి మొత్తం నాటకం ఇవ్వరు. తన మాటలు, వాటికి ముందు అవతలివాళ్ళు పలికే ఆఖరి ముక్కలు, అంతే రాసి ఇస్తారు. అవతలి మనిషి మిగతా అంతసేపూ ఏమి చెప్పిందో నిలువుటద్దానికి అక్కర్లేదు. ఆయన సంసారం కూడా అలాగే చేశాడు. నేను మాట్లాడుతుంటే నా ఆఖరి ముక్క కోసం ఎదురుచూసేవాడు, తన వంతు ఎప్పుడొస్తుందా అని. మేం విడిపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణమేమీ లేదు, నాకు అదే చాలనిపించింది. అలాంటి మనిషి నోటి మాట మీద ఇప్పుడు నా పిల్ల సంగతి తేలాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. జడ్జిగారి మీద, ఆయన మీద, అన్నిటికన్నా ఎక్కువ నా మీద. ఆ వకీలు చెప్పినట్టు తాగుతాడని రాయించినా బాగుండేదనిపించింది, ఆ ఒక్క నిమిషం.

ఆయన వేలు రుద్దుకున్నాడు. నేను పళ్ళు బిగించి కూర్చున్నాను. ఆ తర్వాత మాట్లాడాడు. బెంచీల వైపు తిరగలేదు. చెయ్యి చాచలేదు. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, జడ్జిగారు ముందుకి వంగాల్సి వచ్చింది.

"పిల్ల సెలవులకి నా దగ్గరకి వస్తుందమ్మా. బడి ఎలా ఉందంటే బాగుందంటుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది. మంచి పిల్ల, ఏ పేచీ పెట్టదు. చాలా తక్కువ మాట్లాడే పిల్ల అనుకున్నాను."

ఆగాడు. ఇది మర్చిపోయి ఆగటం కాదు.

"ఒకసారి కంపెనీ నాటకం చూద్దామని వెళ్ళాను. టిక్కెట్టు కొనుక్కుని, ఎవరికీ కనబడకుండా వెనక కూర్చున్నాను. అయిపోయాక పిల్లని పలకరిద్దామని వీధి మలుపులో నిలబడ్డాను. ఇద్దరూ ఇంటికి నడిచి వెళ్తున్నారు. పిల్ల మాట్లాడుతోందమ్మా. ఎవరో స్నేహితురాలితో తగువు, ఆ తగువెలా మొదలైంది, ఎవరేమన్నారు. చేతులూపుతోంది, ముందుకి పరిగెత్తి వెనక్కి తిరిగి మరీ చెబుతోంది. ఆవిడ 'ఊఁ, తర్వాత?' అంటోంది. అంతకుమించి ఒక్క ముక్క అనటం లేదు. నేను వాళ్ళ వెనకాలే చాలా దూరం నడిచాను. నా కూతురికి అన్ని మాటలున్నాయని నాకు అప్పటిదాకా తెలీదు."

జడ్జిగారు ఏదో రాసుకుంది.

"ఆవిడ వాదన ఇదే అయ్యుంటుందమ్మా. నా దగ్గర మంచం ఉంది. కానీ పిల్ల తన మాటలన్నీ ఆవిడకే చెప్పుకుంటుంది. దాన్ని అక్కణ్ణించి తీసేయకండి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం దేనికి, బాగానే ఏడ్చాను. నేను రాసి పెట్టుకున్న వాదనలో ఇది లేనే లేదు. అందులో నా జీతం, నా ఇల్లు, బడి దగ్గర్లో ఉండటం, ఇలాంటివే ఉన్నాయి. మేం ఇంటికి నడుచుకుంటూ వెళ్ళడం కూడా ఒక వాదన అవుతుందని నాకు తట్టలేదు. ఆయనకి తట్టింది. నా ఆఖరి ముక్క కోసం తప్ప చెవి తెరవడనుకున్న మనిషి, ఓ చీకటి వీధిలో నా 'ఊఁ' కూడా విన్నాడు.

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేను ఇన్నేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. గెలవడానికి పోట్లాడుకునేవాళ్ళని చూశాను. ఆవిడేమో మిమ్మల్ని గెలిపించింది, మీరేమో ఆవిణ్ణి గెలిపించారు. నేను ఎవరి మాట కొట్టెయ్యను? పిల్లని కూడా ముందే నా గదిలో విడిగా అడిగాను. 'మీరే చెప్పండి, జడ్జి మీరు కదా' అంది."

మేమిద్దరం ఒకేసారి తల దించుకున్నాం. ఆ పిల్ల అలాగే అంటుంది.

చివరికి ఆవిడ ఉత్తర్వు ఇలా చెప్పింది. పిల్ల నా దగ్గరే ఉంటుంది. కానీ నాటకం ఉన్న రోజుల్లో సాయంత్రం తండ్రి వచ్చి తీసుకెళ్ళాలి, రాత్రి అక్కడే పడుకోవాలి, పొద్దున బడి వేళకి ముందు నా దగ్గర దింపాలి. ఒప్పుకుంటారా అని ఇద్దర్నీ అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను, కానీ ఆ మాట నోట్లోంచి రావడానికి నాకు కాస్త టైము పట్టింది. నేనూ పిల్లా కలిసి నడిచేది నాటకాల రోజుల్లోనే కదా. ఆయన అంత బాగా వర్ణించి చెప్పిన నడక, నేను అంత బాగా వాదించిన నిద్ర కోసం పోయింది.

బయట వరండాలో నిలువుటద్దం నా పక్కకి వచ్చి, అటూ ఇటూ చూసి, "ఎలా చేశాను?" అన్నాడు.

"మొదట్లో జనం వైపు తిరిగావు" అన్నాను.

"చివర్లో?"

"చివర్లో బాగుంది."

నిజంగానే బాగుందని ఇంకోసారి చెబుదామనుకున్నాను గానీ, అప్పటికే ఆయన కిటికీ అద్దంలో క్రాపు సర్దుకుంటున్నాడు. మా అక్క ఇద్దరి మధ్యకి వచ్చి, "ఇద్దరూ చెరో వకీలుని పెట్టుకుని ఉంటే ఈ పిల్ల పెళ్ళయ్యేదాకా సాగేది" అని, అసలు వకీలు వద్దన్నది తనేనన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ వారమే నాటకం పడింది. ట్రంకుపెట్టె మీద ఎవరూ లేరు. ఇంటికి ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. ఆ నడక గురించి ఎక్కువ చెప్పను, నాకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన గడుగ్గాయిని గుమ్మం దగ్గర దింపి షాపుకి వెళ్ళిపోయాడు. నేను దాని సంచీ అందుకుని, అలవాటు కొద్దీ భుజం పట్టుకుని బడి వైపు నడిపించాను. పొద్దున్నపూట దాన్ని అలా పట్టుకోకపోతే కరెంటు స్తంభాలకి గుద్దుకుంటుంది. నాలుగడుగులు వేశామో లేదో నా చెయ్యి విదిలించుకుంది.

"అమ్మా, నీకొకటి చెప్పాలి" అంది.

చెప్పడం మొదలుపెట్టింది. తగువులాడిన స్నేహితురాలు మళ్ళీ మాట్లాడిందట. ఊరికే కాదట, ఓ ఒప్పందం మీదట. ఆ ఒప్పందంలో ఇంకో పిల్ల ఉందట. ముందుకి పరిగెత్తి, వెనక్కి నడుస్తూ, చేతులూపుతూ చెబుతోంది. కళ్ళు విప్పారి ఉన్నాయి. మొహం కడిగిన పళ్ళెంలా ఉంది. ఇన్నాళ్ళూ దీనికి పొద్దున్నపూట మాటలే ఉండవనుకున్నాను. ఉండకపోవడమేమిటి, నిద్ర చాలక అవి దాంతోపాటే మంచం దిగేవి కావు. నేను "ఊఁ, తర్వాత?" అంటూ నడిచాను. ఎంత విన్నానో, ఎంత నవ్వానో, ఇద్దరం బడి గేటు దాటి ముందుకి వెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కి రావాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ మూడో పిల్ల ఏమి చేసిందో చెప్పబోతుండగా బెల్లు కొట్టారు.

"తర్వాత ఏమైందే?" అన్నాను.

"ఇవాళ కూడా నాటకం ఉందిగా. మిగతాది సాయంత్రం నాన్నకి చెబుతాలే" అని లోపలికి పరిగెత్తింది.

గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆ తర్వాత షాపుకి ఫోన్ చేశాను. ఎవరికో వాషింగ్ మెషీన్ గురించి చెబుతున్న గొంతు ఆగి, "హలో" అంది.

"సాయంత్రం పిల్ల నీకొక కథ చెబుతుంది. జాగ్రత్తగా విను" అన్నాను. "మొదటి సగం నా దగ్గరుంది. ఆఖరి ముక్క కోసం చూడకు, మొత్తం విని నాకు చెప్పాలి."